కుంచె ఎత్తి నిలబడకండి

ఆఫీసు నాలుగో అంతస్తు, కిటికీ లేని గది

అక్కా,

ఫోనులో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరి మాటా ఎవరికీ వినపడక చివరికి ఇద్దరం అలిగి పెట్టేస్తాం. అందుకే కదా ఉత్తరాలకి దిగాం. ఇందులో సుఖం ఏమిటంటే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు అడ్డు రాలేవు. నువ్వు తిట్టిన తిట్టు నా దాకా వచ్చేసరికి చల్లారి ఉంటుంది.

నాకు ప్రమోషన్ వచ్చింది. వీడియో గేములు చేసే మా కంపెనీలో ఇప్పుడు నేను నాణ్యత విభాగానికి అధిపతిని. ఈ అధిపతి అద్దె గదిలో కుళాయి చాలా నెలలుగా కారుతోంది, కింద బకెట్ పెట్టుకున్నాడు. చొక్కాకి మధ్య గుండీ ఊడిపోతే టై కట్టి కప్పేస్తున్నాడు. అలాంటివాడు పొద్దున్నే ఒక గదినిండా మనుషుల్ని కూర్చోబెట్టి, ఆటలో ఎక్కడెక్కడ తప్పులున్నాయో వెతకండి అని దబాయిస్తాడు. వాళ్ళు నా టై వైపు చూసి నవ్వాపుకుంటారు.

కొత్త ఆట గురించి చెప్పాలి. తుఫానుకి పాడైపోయిన ఒక రేవు ఊరు. ఆడేవాళ్ళు పడవలు బాగుచేసి, మూతపడ్డ కొట్లు తెరిపించి, ఒక్కో కొట్టుకి బోర్డు తమ చేత్తోనే రాయాలి. చేతిలో పట్టుకునే రిమోట్ మీద కుడి బొటనవేలి కింద చిన్న పుల్ల ఉంటుంది. దాన్ని కదిపితే తెర మీద కుంచె కదులుతుంది. వేలు వణికితే గీత కూడా వణుకుతుంది.

ఇది తయారవుతున్నంత కాలం నాకు బావే గుర్తొచ్చారు. నిచ్చెనెక్కి మీ ఊళ్ళో సగం కొట్లకి బోర్డులు రాసిన మనిషి, పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారంటే నాకు భయంగా ఉంది. ఆ చేతిని వాడితేనే తిరిగి వస్తుంది, వాడకపోతే అలాగే బిగిసిపోతుంది అని డాక్టరు చెప్పారని నువ్వే రాశావు. అందుకే విడుదలకి ముందు ఉద్యోగుల ఇంట్లోవాళ్ళకి ఇచ్చే కాపీ ఒకటి, ఆడే పెట్టెతో సహా మీకు పంపాను. పెట్టె చేరిందా? బావ ముట్టుకున్నారా?

నీ తమ్ముడు

*

డ్రైవింగ్ స్కూలు కారు, పక్క సీటు

ఒరేయ్ అధిపతీ,

పెట్టె చేరింది. టీవీ కింద పెట్టి గుడ్డ కప్పాను. మీ బావ దాన్ని చూసి, "నా చేతికి బొమ్మలాట పంపాడా నీ తమ్ముడు?" అని మొహం తిప్పుకున్నారు. వ్యాయామం చేయించే అమ్మాయి ఇచ్చిన రబ్బరు బంతి గతీ అంతే. నొక్కమంటే సోఫా కిందికి దొర్లిస్తారు, నేను నేలమీద పాకి తెస్తాను. మొత్తానికి వ్యాయామం జరుగుతోంది, నాకు.

ఆయన బాధ చెయ్యి పనిచేయకపోవడం ఒక్కటే కాదురా. అది వణకడం ఎవరైనా చూస్తే భరించలేరు. గుమ్మంలో అలికిడి అయితే చాలు, చేతి మీద తువ్వాలు కప్పేసుకుంటారు. నా ముందు కూడా చెంచా ఎడమ చేత్తోనే పట్టుకుంటారు. తిండి సగం బనీను మీదికే పోతుంది, అయినా సరే.

ఆయన ఒక సందేహం అడగమన్నారు. "కొన్న ఆట మొదటి రోజే ఆగిపోతుందట, మళ్ళీ సరిచేసింది పంపుతారట. నేను మందుల షాపు బోర్డులో ఒక అక్షరం వదిలేసి, మిగతాది వచ్చే నెల వచ్చి రాస్తానంటే ఊరుకుంటారా? తెలిసి తెలిసి తప్పులున్న సరుకు జనానికి అంటగట్టడానికి వీళ్ళకి సిగ్గనిపించదా?" ఆ 'వీళ్ళు' ఎవరో నీకు తెలుసు.

నేను మాత్రం నోరు మూసుకున్నాను. నా దగ్గర నేర్చుకుని రోడ్డెక్కినవాళ్ళ సంగతి నాకు తెలుసు కదా. నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది, దాని మీంచి కాలు తీయకుండా నేర్పిస్తాను, వాళ్ళేమో తమకే వచ్చేసిందనుకుంటారు. లైసెన్సు చేతికొచ్చిన మర్నాడు నా శిష్యురాలొకామె స్వీట్లు ఇద్దామని కారేసుకుని వచ్చి మా గేటునే గుద్దింది. గేటు ఇంకా వంకరగానే ఉంది. దాని పక్కనే నా స్కూలు బోర్డు, మీ బావ రాసిందే, ఎంత అందంగా ఉందో.

ఇప్పుడు స్టీరింగు ముందున్నాయన ఇండికేటరు అనుకుని వైపరు వేశారు. మిగతాది తర్వాత.

అక్క

*

అదే గది, ఇంకా కిటికీ లేదు

అక్కా,

ఆలస్యానికి తిట్టకు. విడుదల దగ్గరపడింది. మా మేనేజరుకి మేము 'తేదీగారు' అని పేరు పెట్టుకున్నాం. ఎదురైతే బాగున్నావా అనరు, "తేదీ గుర్తుందిగా" అంటారు. ప్రకటనలు వేసేశారు, దుకాణాలకి మాటిచ్చేశారు. ఆట తయారైందా లేదా అన్నది ఆయన దృష్టిలో మా సొంత విషయం, తేదీ మాత్రం దేశానికి సంబంధించింది.

బావ అడిగినదానికి జవాబు రాస్తాను. కాస్త పొడుగ్గా రాస్తే నిజంలా కనిపిస్తుందని పొడుగ్గానే రాస్తున్నాను. మందుల షాపు బోర్డుని అందరూ రోడ్డు మీద నిలబడి ఒకే వైపు నుంచి చదువుతారు. మా బోర్డుని జనం వెనక నుంచి చూస్తారు, ఎక్కి కూర్చుంటారు, పీకి పడవలో వేసుకుపోవాలని చూస్తారు. మేము గదినిండా ఉన్నా ఏడాదంతా ఆడింది, విడుదలైన రోజు పొద్దున్న జనం ఆడేదాంట్లో పిసరంత కూడా కాదు. పైగా ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. మొన్న చేపల కొట్టు తలుపు సరిగ్గా మూసుకోవడం లేదని బాగుచేశారు. తలుపు మూసుకుంది, పడవలు గాల్లోకి లేచాయి. పడవలు దించారు, చేపలు కనబడటం మానేశాయి. చివరికి తలుపునే తీసేశారు. ఇప్పుడది తలుపు లేని చేపల కొట్టు, అలా ఉండటమే సహజమని తీర్మానించుకున్నాం.

అందుకని ఏవి సరిచేయాలి, ఏవి వదిలేయాలి అని కూర్చుని తేల్చుకుంటాం. తేల్చేది నేనే. బావకి ఈ జవాబు చదివి వినిపించు. రాశాక నాకే బాగా నచ్చింది. తేదీగారికి చూపిస్తే ఆయనకీ నచ్చింది. అప్పట్నుంచి నాకు దీని మీద కాస్త అనుమానంగా ఉంది.

ఒక్క ప్రశ్న, తేలిగ్గా తీసుకోకు. బావ ఆ పెట్టె తెరిచారా? నిదానంగా, ఆగి ఆగి ఆడే మనిషి ఎవరైనా ఉంటే మీటింగులో ఒక మాట మరోలా చెప్పాలి. ఎందుకో తర్వాత రాస్తాను. తెరిచారా లేదా, అంతే చెప్పు.

తమ్ముడు

*

వంటింటి బల్ల

ఒరేయ్,

తెరవలేదు. గుడ్డ కప్పింది కప్పినట్టే ఉంది. మీ బావ పక్కనే ఉన్నారు, ఆటలాడే వయసా తనదీ అంటున్నారు. ఆ సంగతి ఇక అడక్కు.

నీ జవాబు వినిపించాను. ఆయన పెదవి విరిచారు. పడవ మీద రాసిన పేరు కూడా అన్ని వైపుల నుంచీ చూస్తారు, అయినా తను రాసిన పేరు ఎప్పుడూ గాల్లోకి లేవలేదన్నారు. ఇంకో మాట. రేవులో ఆ గాలిమర తిరిగే దిక్కు తప్పట. తెరచాపలు ఒకవైపు ఉబ్బి ఉంటే గాలిమర రెక్కలు ఎదురు తిరుగుతున్నాయేమిటి అంటున్నారు. అది కూడా రాసుకో, ఉచితంగా ఒక తప్పు పట్టించాను.

నా సంగతులంటావా, క్లాసుల మధ్య ఇంటికొచ్చి పోవడం మానేశాను. మధ్యాహ్నాలు కారులోనే కూర్చుని భోజనం చేస్తున్నాను. ఎందుకని అడక్కు, గాలి బాగుంటుంది. నిన్న నేనే కారు వెనక్కి తీస్తూ చెత్తడబ్బాని గుద్దాను. శిష్యులంతా చూశారు. గురువుగారు కావాలనే చూపించారు, ఎలా తీయకూడదో, అని ఒకాయన సర్దిచెప్పాడు. ఆయనకి ఫీజు తగ్గిద్దామనుకుంటున్నాను.

అక్క

*

ఆఫీసు మెట్ల మీద, జనం కేకు కోస్తుండగా

అక్కా,

ఆట విడుదలైంది. లోపల కేకు కోస్తున్నారు. నీకు చెప్పకుండా దాచిన విషయం ఇప్పుడు చెప్పొచ్చు.

మా గదిలో మౌని అని ఒకమ్మాయి ఉంది. మాట్లాడదు కాబట్టి ఆ పేరు. కొన్నాళ్ళ క్రితం తను ఆట మధ్యలో, కుంచె గాల్లోకి ఎత్తి ఉంచి, పన్ను పీకించుకోవడానికి వెళ్ళింది. తిరిగొచ్చి చూస్తే రేవులో తను రాసిన బోర్డులన్నీ ఖాళీ. ఆడినదంతా ఆట తనంతట తానే దాచుకుంటూ ఉంటుంది కదా. కుంచె ఎత్తి, ఏమీ నొక్కకుండా చాలాసేపు ఉంటే, రాసిన బోర్డుల బదులు ఖాళీ బోర్డులు దాచుకుంటోంది. అంతే, పాతవి పోయినట్టే. ఈమధ్య చేసిన మార్పుల్లోనే ఎక్కడో వచ్చిందా తప్పు. మీ దగ్గరున్న పాత కాపీలో ఉండదు.

మీటింగు పెట్టారు. దాచుకునే చోటు ముట్టుకుంటే మళ్ళీ ఎన్ని పడవలు లేస్తాయోనని అందరికీ భయం. సరిచేయాలంటే తేదీ జరపాలి. తేదీగారు నావైపు తిరిగి, "అసలు కుంచె ఎత్తుకుని ఊరికే ఎవరు నిలబడతారయ్యా?" అన్నారు.

మా గదిలో అయితే ఎవరూ నిలబడరు. ఎన్ని వీధులు తిరిగారు, ఎన్ని కొట్లు తెరిచారు అన్నదాన్ని బట్టే మావాళ్ళకి మార్కులు వేస్తాను. అందరూ పరిగెత్తుతూనే ఆడతారు. ఆటలో నిలబడితే పని ఎగ్గొట్టినట్టు లెక్క. ఆ పద్ధతి పెట్టింది నేనే, దానికే నాకు ప్రమోషన్ వచ్చింది. పన్ను నొప్పి లేకపోతే ఈ తప్పు మాకు దొరికేదే కాదు.

అప్పుడు బావ ఒక్కరే తట్టారు. ఆయనైతే నిలబడతారు కదా అనుకున్నాను. తెరవలేదని నువ్వు రాశావు. "ఎవరూ నిలబడరండీ" అన్నాను. తలకాయ కూడా ఊపాను, మాట చాలదేమోనని. తర్వాతెప్పుడైనా సరిచేద్దామని రాసి, కింద నేనే సంతకం పెట్టాను. ఆట బయటికి వెళ్ళింది. మీ కాపీ కూడా ఈపాటికి తనంతట తానే కొత్తదిగా మారిపోయి ఉంటుంది. ఎటూ గుడ్డ కిందే ఉందిగా.

గాలిమర మాట నిజమే, సరిచేయించాను. తేదీగారు మెచ్చుకున్నారు. బావకి నా థాంక్స్ చెప్పు.

తమ్ముడు

*

ఇల్లు

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. బోర్డులు మొన్నే పోయాయి.

ఆయన ఆడుతున్నారురా. నువ్వు పెట్టె పంపిన నెలకే మొదలుపెట్టారు. నేను క్లాసులకి వెళ్ళగానే గుడ్డ తీసి, నేనొచ్చే వేళకి మళ్ళీ కప్పేసేవారు. ఒకరోజు తాళంచెవి మరిచిపోయి వెనక్కి వచ్చాను. తెర మీద బోర్డు, ఆయన కుడి బొటనవేలి కింద ఆ పుల్ల. వణుకుతోంది, కానీ కదులుతోంది. నన్ను చూసి రిమోట్ తువ్వాలు కింద దాచబోయారు. "ఎవరికీ చెప్పకు. నీ తమ్ముడికి అసలు చెప్పకు. బాగా వచ్చాక నేనే చూపిస్తాను," అన్నారు. చెప్పనని మాటిచ్చాను. అప్పట్నుంచే మధ్యాహ్నాలు కారులో తినడం.

ఆ తర్వాత అప్పుడప్పుడు నన్ను చూడనిచ్చేవారు. మొదటి బోర్డు ఏం రాశారో ఆయనకే తెలియాలి, వానపాములు పాకినట్టుంది. తర్వాత తాళ్ళకొట్టు, లాంతర్ల కొట్టు, రొట్టెల కొట్టు. ఒక్కో కొట్టూ దాటుతుంటే అక్షరం నిలబడుతూ వచ్చింది. ఈమధ్య చెంచా కుడి చేత్తో పట్టుకుంటున్నారు. నీకు రాయాలని చెయ్యి దురద పుట్టేది.

ఆయన పద్ధతి నీకు తెలుసు కదా. అక్షరం మొత్తం కంటికి కనబడేదాకా కుంచె గోడకి ఆనించరు. నిచ్చెన మీద అలా నిలబడి ఉంటే కింద కొట్టు యజమాని, ఏమైందండీ అని కంగారుపడేవాడు. మొన్న రేవు ముఖద్వారానికి పెద్ద బోర్డు రాయాలని కుంచె ఎత్తి కూర్చున్నారట. ఆలోచించి, ఆలోచించి, దించబోయేసరికి వీధంతా ఖాళీ. తనే ఏదో తప్పు నొక్కాననుకున్నారు. ఈ చెయ్యి ఇంతే, దీనికి ఏదిచ్చినా పాడుచేస్తుంది అన్నారు. నీ ఉత్తరం వచ్చాక, మీ తప్పు కాదు, ఆటదే తప్పు అని చెప్పాను. "వాడికి ముందే తెలుసా?" అని ఒక్క మాట అడిగారు. అవునన్నాను.

మళ్ళీ తువ్వాలు కప్పుకున్నారు. చెంచా ఎడమ చేతికి పోయింది. వ్యాయామం అమ్మాయి వస్తే పడుకున్నానని చెప్పించారు.

నిన్ను తిట్టాలని కాగితం తీశాను. సగం తిట్లు నాకే తగులుతున్నాయి. అడిగినప్పుడు నేను నిజం చెప్పి ఉంటే నువ్వా మీటింగులో తల ఊపేవాడివి కాదు. నువ్వు ఎందుకు అడుగుతున్నావో చెప్పి ఉంటే నేను అబద్ధం ఆడేదాన్ని కాదు. మనిద్దరం ఫోనులో అరుచుకున్నా బాగుండేది.

అక్క

*

అద్దె గది

అక్కా,

నీ ఉత్తరం చదివాక ఏడుపొచ్చింది. ఈ మాట నీ ఒక్కదానికే చెప్పుకుంటున్నాను.

పోయిన బోర్డులు వెనక్కి తేవడానికి మావాళ్ళని అందరినీ బతిమాలాను. రావు. పాతవాటి మీదే ఖాళీవి కూర్చున్నాయి, కింద ఏమీ మిగల్లేదు.

ఇక నా తెలివితేటలు చూడు. బావ అసలు పెట్టే తెరవలేదని రాసిన ఉత్తరంలోనే గాలిమర ఎదురు తిరుగుతోందని రాశావు. పెట్టె తెరవకపోతే గాలిమర ఎలా కనబడింది? నేను చదివి, భేష్ అనుకుని, గాలిమరని సరిచేయించాను. తప్పులు పట్టడానికి నాకు జీతం ఇస్తున్నారు, పైగా ప్రమోషన్ కూడా.

ఇవాళ తేదీగారి దగ్గరికి వెళ్ళాను. బోర్డులు పోగొట్టుకున్నవాళ్ళు బావ ఒక్కరే కాదు. ఒకాయన పాపాయిని ఒళ్ళో వేసుకుని ఆడుతూ, అది నిద్రపోయేదాకా కదలకుండా కూర్చున్నాడట. ఇంకో ముసలావిడ అక్షరానికీ అక్షరానికీ మధ్య కళ్ళద్దాలు తుడుచుకుంటుందట. నిలబడేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు, మా గదిలోనే లేరు. సరిచేయడం మొదలుపెట్టారు, చాలా వారాలు పడుతుంది. ఈలోగా తప్పు ఉందని ఆటలోనే, రేవు ముఖద్వారం దగ్గరే, అందరికీ కనబడేలా రాద్దామన్నాను. "సరుకు బాగాలేదని కొట్టు తలుపు మీద ఎవడైనా రాసుకుంటాడా?" అన్నారాయన. నేను ఎప్పటిలాగే నీళ్ళు నమలడం మొదలుపెట్టాను. మౌని లేచి, "రాసుకోవాలి" అంది. అందరం ఉలిక్కిపడ్డాం, ఆమె గొంతు మాలో సగం మంది మొదటిసారి వినడం. చివరికి ఒప్పుకున్నారు. ఆటలో కలిసిపోయేలా చేత్తో రాసిన బోర్డులా ఉండాలన్నారు.

బావా, ఇది మీకు. తప్పు ఉందని నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను. తప్పులుండటం నా చేతిలో లేదని ఎన్నైనా చెప్పగలను, చెప్పకుండా దాచడం మాత్రం నా చేతిలోదే. ఆ బోర్డు మీరు రాసిపెడతారా? మాటలు ఇవి: 'ఇక్కడ కుంచె ఎత్తి ఎక్కువసేపు నిలబడకండి. రాసినవి చెరిగిపోతాయి. తప్పు మాది. సరిచేస్తున్నాం.' కాగితం మీద రాస్తే చాలు, మేము ఫొటో తీసి ఆటలో నిలబెడతాం. ఏ చేత్తో రాసినా సరే. రాయనంటే కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు.

మీ బావమరిది

*

ఇల్లు, హాల్లో అంతా కాగితాలు

ఒరేయ్,

చదివి వినిపించాను. "వాడి తప్పుకి నేను బోర్డు రాయాలా? ఎంత ధైర్యం!" అన్నారు. ఆ పూటంతా అదే మాట, గోడకీ, నాకూ, రబ్బరు బంతికీ. బంతిని తిట్టడానికి దాన్ని చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది, కుడి చేతిలోకే. నేను చూడనట్టు నటించాను.

మర్నాడు, "మాటలు ఏమిటన్నాడూ?" అని అడిగారు. తర్వాత, "'ఎక్కువసేపు' ఎందుకు, 'చాలాసేపు' అనొచ్చుగా" అన్నారు. తర్వాత అటక మీంచి కుంచెల డబ్బా దింపమన్నారు. కుర్చీ మీద కుర్చీ వేసి దింపాను. డబ్బా నా తల మీద పడింది, కుంచెలకి ఏమీ కాలేదు, ఆయన వాటినే ముందు చూసుకున్నారు.

మొదట ఎడమ చేత్తో రాశారు. అక్షరాలు శుభ్రంగానే వచ్చాయి. నాకు నచ్చాయని అన్నాను. ఆయన కాసేపు చూసి చింపేశారు. "ఇది నా రాత కాదు" అన్నారు. అప్పట్నుంచి కుడి చెయ్యే. రోజూ రాయడం, దూరంగా పెట్టి చూడటం, చింపడం. నాకు మాత్రం అన్నీ ఒకేలా కనబడుతున్నాయి. ఆ మాట అన్నందుకు మధ్యాహ్నమంతా నాతో మాట్లాడలేదు.

గడువు ఎప్పటిదాకా? ఈయన ఇప్పట్లో ఇచ్చేలా లేరు.

అక్క

*

ఆఫీసు

అక్కా,

వచ్చే శుక్రవారం. ఆ రోజుకి రాకపోతే ముద్రణ అక్షరాలతో పెట్టేస్తారు, రోజూ జనం బోర్డులు పోతున్నాయి కాబట్టి నేనూ ఆపలేను. బావతో నెమ్మదిగా చెప్పు. ఇంతకన్నా ఏమీ రాయలేను, ఎందుకంటే ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు "తేదీ గుర్తుందిగా" అని రాసి, చూసుకుని, సిగ్గుపడి కొట్టేశాను. కొట్టేసింది పైన కనబడుతూనే ఉంది, క్షమించు.

తమ్ముడు

*

ఇల్లు

తమ్ముడూ,

దీంతో పాటు ఒక గొట్టం వస్తుంది, అందులో బోర్డు ఉంది. మడత పడకుండా తీయి.

శుక్రవారం అనగానే గొడవ మొదలైంది. "ఇంకో పది రోజులివ్వమను. 'చెరిగిపోతాయి' దగ్గర లైను కిందికి దిగింది. 'మాది'లో గుడి పక్కకి ఒరిగింది. ఇంత వంకర బోర్డు నా చేతి కింద నుంచి ఎప్పుడూ బయటికి పోలేదు," అన్నారు.

నాకు ఓపిక అయిపోయింది. "మరి వాళ్ళని తిట్టారు కదా, తప్పులున్నది జనానికి ఇచ్చారని. మీరు ఇవ్వకపోతే రేపు ఇంకెవరిదో వీధి ఖాళీ అవుతుంది. మీలాగే ఎవరో ఒకావిడ తన చేతినే తిట్టుకుంటుంది," అన్నాను. అనేశాక భయమేసి వంటింటి గుమ్మంలోకి వచ్చేశాను. చేతి మాట ఆయన ముందు ఎత్తడం అదే మొదటిసారి.

ఆయన కాగితాన్ని కుడి చేత్తో దగ్గరికి లాక్కున్నారు. తువ్వాలు కుర్చీ వీపు మీదే ఉంది, తీసుకోలేదు. ఆ టైములోనే నా శిష్యుడొకాయన ఫీజు కట్టడానికి లోపలికి వచ్చాడు. వచ్చి ఆ వణికే చేతిని, ఆ రాతని, రెండింటినీ చూశాడు. మీ బావ చెయ్యి దాచుకోలేదు. "కూర్చోండి, ఆవిడ వస్తుంది," అన్నారు. నేను ఆ గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఆ తర్వాత ఆయనే కాగితం చుట్టి గొట్టంలో పెట్టారు. నేను మూత బిగించాను. వీధి గుమ్మం దాకా వెళ్ళాక వెనక్కి పిలిచారు. బోర్డు రాసినవాడు కింద మూల తన సంతకం పెట్టాలి, అది వాళ్ళ పనిలో పద్ధతి. ఎవరు రాశారో తెలియని బోర్డు ఊళ్ళో ఉండకూడదట. మళ్ళీ విప్పించి, కుంచె తీసుకుని, సంతకం పెట్టారు, కుడి చేత్తోనే. అది మొత్తం బోర్డు కంటే వంకరగా వచ్చింది. మళ్ళీ రాస్తానంటారేమోనని నేను ఇంకో కాగితం వైపు చూశాను.

"వద్దు, ఇదే పంపు," అన్నారు. "వంకరగా ఉందని నాకు తెలుసని వాళ్ళకి చెప్పు."

అక్క